నూరువరహాల పొదపై నల్ల సీతాకోకచిలుక: కామన్ రోజా, కామన్ మార్మనా?

హంటర్ రోడ్ పెరడు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇల్లు హనుమకొండలో హంటర్ రోడ్డుకు దగ్గరగా ఉన్నది. ఇంటి వెనుక ఒక నూరువరహాల పొద, రెండు నిమ్మ చెట్లు, ఒక కల్యామాకు చెట్టు ఉన్నాయి. ప్రహరీ అవతలి ఖాళీ ప్లాటులో జిల్లేడు, గంగవాయిలి, తంగేడు వాటంతట అవే పెరిగాయి. వానలు మొదలైనప్పటి నుండి ఆ పొద మీదికి పెద్ద నల్లని సీతాకోకచిలుకలు వస్తున్నాయి. వెనుక రెక్క నడుమ తెల్లని మచ్చలు, అంచు వెంట ఎర్రని మచ్చలు, కింద తోక వంటి భాగం ఉన్నాయి. ఫోన్‌లోని యాప్ ఒక ఫొటోను కామన్ రోజ్ అని, అదే పొదపై అదే ఉదయం తీసిన మరొక ఫొటోను కామన్ మార్మన్ అని చెబుతున్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినా నాకు తేడా అందడం లేదు. యాప్ పొరపడుతున్నదా, లేక ఇవి నిజంగానే రెండు జాతులా? ఫొటోలు రెండూ జత చేశాను.

ములుగు సైన్స్ సార్

అమ్మా, యాప్ రెండు చోట్లా సరిగానే చెప్పింది. మీరు రెక్కలను చూస్తున్నారు. ఈ రెండింటి విషయంలో చూడవలసినది ఒంటిని. మొదటి ఫొటోలో తల, రొమ్ము పక్కలు, పొట్ట ఎర్రగా ఉన్నాయి, కాబట్టి అది కామన్ రోజ్. రెండవ దానిలో ఒళ్ళంతా నలుపే, ఎరుపు రెక్కల వరకే ఆగిపోయింది. అది కామన్ మార్మన్ ఆడది.

ఈ పోలిక కాకతాళీయం కాదు. కామన్ రోజ్ గొంగళిపురుగు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు వంటి మొక్కల ఆకులను మాత్రమే తింటుంది. ఆ మొక్కలలోని విషపదార్థాలు పురుగు ఒంట్లో నిలువ ఉండి, రెక్కలు వచ్చిన తరువాత కూడా అందులోనే ఉంటాయి. ఒకసారి నోట పెట్టుకొని ఉమ్మివేసిన పక్షి, ఆ ఎరుపు నలుపుల గుర్తును మరచిపోదు. మార్మన్ పురుగు తినేది నిమ్మ, కల్యామాకు. దాని ఒంట్లో అటువంటి విషమేమీ లేదు. అయినా ఆడ మార్మన్ రోజ్ రెక్కల రంగులను తెచ్చిపెట్టుకొని, పక్షి భయాన్ని తనకు రక్షణగా వాడుకుంటుంది. తినదగిన జాతి తినరాని జాతిని పోలి బతికే ఈ పద్ధతిని హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవుల సీతాకోకచిలుకలను చూసి 1862లో వివరించాడు. అందుకే దీనికి ఆయన పేరు నిలిచింది.

ఇంకొక చిక్కు ఉన్నది. ఆడ మార్మన్‌లన్నీ ఇలా ఉండవు. మగవాటిలాగే నల్లని రెక్కల మీద తెల్లని మచ్చల వరుస మాత్రమే ఉండే రూపాన్ని సైరస్ అంటారు. మీ ఫొటోలోని రూపం స్టిచియస్. మూడవదైన రోములస్, క్రిమ్సన్ రోజ్ అనే మరొక విష జాతిని అనుకరిస్తుంది. దానికి ముందు రెక్కల మీద తెల్లని పట్టీలు కనిపిస్తాయి. ఒకే తల్లి పిల్లలలో కూడా వేర్వేరు రూపాలు రావచ్చు. మగ మార్మన్‌లు మాత్రం దేనినీ అనుకరించవు. ఈ రూపాలన్నిటినీ డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నడిపిస్తున్నదని 2014లో తేలింది. అది సాధారణంగా కీటకాలలో ఆడ, మగ లక్షణాలను నిర్ణయించే జన్యువు. పెరట్లో రోజూ కనిపించే జీవిలో ఇంత కథ దాగి ఉన్నందుకే పదవ తరగతి పిల్లలకు అనువంశికత చెప్పే రోజు నేను పుస్తకం మూసి, బడి వెనుక ఉన్న నిమ్మ చెట్టు దగ్గరికి తీసుకువెళతాను.

గోదావరిఖని కెమెరా

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఒళ్ళు కనిపించనంత దూరంలో ఉన్నప్పుడు నడకను చూడండి. రోజ్ తొందర లేకుండా నిదానంగా, దాదాపు ఒకే ఎత్తులో ఎగురుతుంది. మార్మన్ పైకి కిందికి పడుతూ లేస్తూ, దిశ మార్చుకుంటూ పోతుంది. రెక్కల వేషం కుదిరినా ఎగిరే తీరు అంతగా కుదరలేదన్నమాట.

ఫొటోల విషయంలో అందరూ చేసేది ఒకటే: రెక్కలు బాగా విచ్చుకున్నప్పుడు పైనుండి అందంగా ఒక ఫొటో తీసి సరిపెట్టుకుంటారు. గుర్తింపుకు పక్క నుండి తీసిన, రెక్క అడుగు భాగమూ పొట్టా కనిపించే ఫొటో ఎక్కువ పనికివస్తుంది. చాలా జాతులకు అసలు తేడాలు అడుగు భాగంలోనే ఉంటాయి. ఉదయం ఎండ పడగానే అవి రెక్కలు చాచి వేడెక్కుతాయి. ఆ సమయంలో పై భాగం తీసుకొని, పూల మీద తేనె తాగేటప్పుడు పక్క భాగం తీసుకోండి. మన నీడ వాటి మీద పడకుండా దగ్గరికి వెళ్ళాలి. నీడ పడితే కెమెరా ఎంత మంచిదైనా మిగిలేది ఖాళీ పువ్వే.

కేయూ జంతుశాస్త్రం

నమస్తే. నేను విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. యాప్‌ల మీద ఒక మాట. జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ వంటి వేదికలో మొదట పేరు సూచించేది యంత్రమే అయినా, ఆ నమోదుకు రీసెర్చ్ గ్రేడ్ హోదా, అంటే పరిశోధనకు పనికివచ్చేదన్న గుర్తింపు, రావాలంటే పేరు పెట్టిన వారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది ఒకే జాతి మీద ఏకీభవించాలి. కనీసం ఇద్దరైనా ఉండాలి. కాబట్టి యంత్రం ఇచ్చిన మొదటి పేరునే పట్టుకొని కూర్చోకుండా, ఫొటోను అక్కడ పెట్టి రెండు రోజులు ఆగడం మంచిది. తేదీ, స్థలం సరిగా నమోదు చేస్తే హనుమకొండలో ఏ నెలలో ఏ జాతి తిరుగుతున్నదో తరువాతి వారికి కూడా తెలుస్తుంది.

నా వరకు గుర్తింపు రెక్క దగ్గర మొదలు కాదు, మొక్క దగ్గర మొదలవుతుంది. మీ పెరట్లో ఉన్న మొక్కల పేర్లు చెబితే, అక్కడ పుట్టగల సీతాకోకచిలుకల పేర్లు సగానికి పైగా చెప్పవచ్చు. ఆముదం ఉంటే కామన్ క్యాస్టర్, రేగు ఉంటే కామన్ పైరో, గన్నేరు ఉంటే కామన్ క్రో, రణపాల ఉంటే రెడ్ పైరో, పులిచింతాకు గడ్డిలో అల్లుకుపోయి ఉంటే పేల్ గ్రాస్ బ్లూ. మామిడి కొమ్మ మీద బదనిక పట్టి ఉంటే కామన్ జెజెబెల్ వస్తుంది. పువ్వు మీద వాలిన సీతాకోకచిలుక ఎక్కడి నుండైనా వచ్చి ఉండవచ్చు. ఆకును కాలితో తడిమి, పొట్ట వంచి గుడ్డు పెట్టేది మాత్రం తన మొక్కను తానే చూపిస్తుంది. ఆ మొక్క పేరు రాసుకోండి, రెక్కల సంగతి తరువాత చూడవచ్చు.

పరకాల నర్సరీ

అందరూ సీతాకోకచిలుకల అందాన్ని మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండవ వైపు చెబుతాను. నాది అంటు మొక్కల నర్సరీ. నిమ్మ, బత్తాయి మొక్కలు మోకాలెత్తు ఉన్నప్పుడు ఈ పురుగులు పడితే రెండు మూడు రోజులలో లేత ఆకు ఒక్కటి మిగలదు. కొనడానికి వచ్చిన రైతు మోడును చూసి వెనక్కి పోతాడు. మీరు జాతి పేరు తేల్చుకుంటారు. మాకు అది మార్మన్ అయినా, నిమ్మ సీతాకోకచిలుక అయినా నష్టం ఒకటే. అక్కా, మీ నిమ్మ చెట్లు చిన్నవైతే ఇప్పుడే వేపనూనె కొట్టండి, తరువాత బాధపడవద్దు.

హంటర్ రోడ్ పెరడు

అన్నా, మా నిమ్మ చెట్లు రెండూ గోడ కంటే ఎత్తు పెరిగాయి. వాటికి ఆకు కొరత లేదు. కల్యామాకు మాత్రం వంటకు తెంపుకునేది కాబట్టి దాని మీద ఏ మందూ కొట్టడం మా అత్తమ్మకు ఇష్టం లేదు. అయితే ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేవి కొన్ని, పచ్చగా లావుగా ఉన్నవి కొన్ని కనిపిస్తున్నాయి. ఇవి రెండు జాతులవా?

ములుగు సైన్స్ సార్

కాకపోవచ్చు. నిమ్మ సీతాకోకచిలుక పురుగైనా, మార్మన్ పురుగైనా ఐదు దశలు దాటుతుంది. మొదటి నాలుగు దశలలో నలుపు, గోధుమ, తెలుపు కలిసిన పక్షి రెట్ట వేషంలో ఉంటుంది. ఐదవ దశలో ఆకుపచ్చగా మారుతుంది. అంత లావైన తరువాత రెట్ట వేషం ఏ పక్షినీ మోసం చేయలేదు, అందుకని ఆకు రంగుకు మారుతుంది. కాబట్టి మీరు చూసినవి ఒకే జాతి పిల్లలు, వయసులు వేరు అయి ఉండవచ్చు.

పచ్చని పురుగును పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుండి చీలిన కొమ్ము వంటి అవయవం బయటికి వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. అది నారింజ ఛాయలో ఉంటే నిమ్మ సీతాకోకచిలుక అనీ, ముదురు ఎరుపులో ఉంటే మార్మన్ అనీ అనుకోవచ్చు. ఊరికే చూడడానికి పదే పదే తాకవద్దు.

నర్సరీ అన్న మాటను కొట్టిపారేయలేము. మోకాలెత్తు మొక్కకూ, గోడ దాటిన చెట్టుకూ లెక్క వేరు. చిన్న మొక్కల మీద సన్నని దోమతెర కప్పితే ఆడది గుడ్డు పెట్టలేదు. అప్పటికే పట్టిన పురుగులను ఆకుతో సహా తీసి పెద్ద చెట్టు మీద వేయవచ్చు. రెండూ ఒకే కుటుంబపు మొక్కలైతే అవి అక్కడే తిని పెరుగుతాయి.

పరకాల నర్సరీ

వందల కుండీలకు తెర కప్పడం నాకు కుదరదు సార్. ఇంటి పెరటికి అయితే ఒప్పుకుంటాను.

హంటర్ రోడ్ పెరడు

మరొక ఫొటో పెడుతున్నాను. జిల్లేడు మీద నారింజ రంగులో, రెక్క కొసలు నల్లగా, ఆ నలుపులో తెల్లని పట్టీతో ఉన్నది ప్లెయిన్ టైగర్ అని నాకు తెలుసు. నిన్న గంగవాయిలి మొక్కల దగ్గర కూడా అటువంటిదే చాలాసేపు కిందికి కిందికి ఎగురుతూ కనిపించింది. ప్లెయిన్ టైగర్ గంగవాయిలి మీద కూడా గుడ్డు పెడుతుందా?

కేయూ జంతుశాస్త్రం

అక్కా, మీరు చాలా మంచి చోట చూశారు. అది ప్లెయిన్ టైగర్ కాదు, డనయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. ఫొటోను పెద్దది చేసి వెనుక రెక్క నడుమ చూడండి. ప్లెయిన్ టైగర్‌కు అక్కడ నల్లని చుక్కలు ఉంటాయి: ఆడదానికి మూడు, మగదానికి నాలుగు. ఆ నాలుగవది కొంచెం ఉబ్బినట్లు ఉండే వాసన సంచి. డనయిడ్ ఎగ్‌ఫ్లైకి వెనుక రెక్క పై అంచు దగ్గర ఒకే ఒక నల్ల చుక్క ఉంటుంది. మీ ఫొటోలో ఒకటే ఉన్నది. పైగా ప్లెయిన్ టైగర్ తల, రొమ్ము నల్లగా ఉండి వాటి మీద తెల్లని చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక్కడ కూడా అదే కథ. జిల్లేడు పాలలోని విషం ప్లెయిన్ టైగర్‌ను కాపాడుతుంది. ఎగ్‌ఫ్లై ఆడది ఆ రంగును అనుకరిస్తుంది. దాని మగది మాత్రం నల్లని రెక్కల మీద నీలి వెలుగు చుట్టిన తెల్లని గుండ్రని మచ్చలతో ఉంటుంది. రెండింటినీ పక్కన పెడితే ఆలుమగలని ఎవరూ అనుకోరు. పురుగు తినే మొక్కలలో గంగవాయిలి ఒకటి. జిల్లేడు మొక్కలోని ఏ భాగాన్నీ అది ముట్టదు. మన ఇళ్ళలో పప్పులో వేసుకునే ఆకు మీద ఒక అనుకరణ జీవి పెరుగుతున్నదని చాలామందికి తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2022 సవరణకు ముందున్న పట్టికలో ఈ జాతిని మొదటి షెడ్యూల్‌లోనే, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోనే చేర్చారు. ప్లాటు శుభ్రం చేయించేటప్పుడు ఆ గంగవాయిలి గుబురును వదిలిపెట్టమని పనివారికి చెప్పండి.

జగిత్యాల తంగేడు

ఆలస్యంగా చేరుతున్నందుకు మన్నించండి. మాకు బతుకమ్మ పండుగకు ముందు తంగేడు పొదల చుట్టూ పసుపు, లేత ఆకుపచ్చ రంగు సీతాకోకచిలుకలు గుంపులుగా ఉంటాయి. పెద్దవి కొన్ని, బొటనవేలి గోరు కంటే కొంచెమే పెద్దవి కొన్ని. అందరూ వాటిని పచ్చ సీతాకోకచిలుకలు అని వదిలేస్తారు. వాటిని విడదీయడం సాధ్యమేనా?

గోదావరిఖని కెమెరా

సాధ్యమే, కానీ ఓపిక కావాలి. పెద్దవి ఎమిగ్రెంట్‌లు. రెక్కలు మూసుకున్నప్పుడు అడుగు భాగమంతా సన్నని గోధుమరంగు గీతలు చల్లినట్లు ఉంటే అది మాటిల్డ్ ఎమిగ్రెంట్. ఇది తంగేడు మీద పుట్టేదే. గీతలు లేకుండా నున్నగా ఉన్నా, ఎర్రని వలయంలో వెండి చుక్క ఉన్నా అది కామన్ ఎమిగ్రెంట్. దీనికి రేల చెట్టంటే ఇష్టం.

చిన్నవి గ్రాస్ యెల్లోలు. అవి రెక్కలు విప్పి కూర్చోవు కనుక పైభాగం ఫొటో దొరకడమే కష్టం. ముందు రెక్క అడుగున, మొదలుకు దగ్గరగా, రెక్క ఈనెల నడుమ ఉన్న పొడవాటి గదిలో రెండు సన్నని గుర్తులుంటే కామన్ గ్రాస్ యెల్లో, మూడు ఉంటే త్రీ-స్పాట్ గ్రాస్ యెల్లో. వాన తరువాత కాలిబాటల తడి మట్టి మీద గుంపుగా కూర్చుంటాయి. అవి మట్టిలోని లవణాలను పీల్చుకుంటాయి, వాటిలో చాలావరకు మగవే. పాకాల చెరువు కట్ట దిగువన, ఏటూరునాగారం అడవి వాగుల ఒడ్డున ఆ సమయంలో నేల మీద పడుకొని తీసుకుంటే గదిలోని గుర్తులు కూడా పడతాయి.

ఆ రోజులలో గునుగు కూడా చూడండి. గునుగు కంకుల మీద చిన్న నీలి జాతులు విపరీతంగా వాలతాయి. చిక్కుడు పందిరి దగ్గరి పీ బ్లూను అక్కడే ఎక్కువసేపు నిలబెట్టి చూడవచ్చు. దాని వెనుక రెక్క కొసన సన్నని తోక, దాని పక్కన నల్ల చుక్కలు ఉంటాయి. అవి చూసి అటువైపే తల ఉన్నదనుకొని బల్లి ఆ కొసను కొరుకుతుంది. ముక్క పోయినా ప్రాణం దక్కుతుంది. కొస చిరిగిన పీ బ్లూ కనిపిస్తే పాడైనదని వదిలేయకుండా ఫొటో తీసుకోండి.

జగిత్యాల తంగేడు

అన్నా, తంగేడు పువ్వు తెంపేటప్పుడు గుడ్లు, పురుగులు కూడా పోతాయి కదా?

ములుగు సైన్స్ సార్

పూలు తెంపినందువల్ల పెద్ద నష్టం లేదు. ఎమిగ్రెంట్ ఎక్కువగా గుడ్డు పెట్టేది లేత ఆకుల మీద. కొమ్మలతో సహా విరిచి తెచ్చినప్పుడే నష్టం. పొదను మొదలంటా నరికి ప్లాట్లు చేసినప్పుడు జరిగే నష్టం ముందు బతుకమ్మ లెక్కలోకి రాదు.

మా వైపు మరొక మొక్కను చెప్పాలి. తునికి. బీడీ ఆకు కోసం అందరికీ తెలిసిన చెట్టు. దాని మీద బ్యారనెట్ పెరుగుతుంది. ఇటుక ఎరుపు రెక్కల మీద నల్లని గీతలతో, తేనె కంటే పండ్ల రసం మీద మోజుతో, నేలకు దగ్గరగా ఎగురుతుంది. ములుగు అడవి దారులలో దీనిని చూడవచ్చు. తునికి లేని పట్నం పెరట్లో దీనిని వెతకడం వృథా.

హంటర్ రోడ్ పెరడు

సాయంత్రం దీపాలు వేసే వేళకు మా వరండాలోకి ఎండుటాకు వంటిది ఒకటి వస్తున్నది. మా వారు చిమ్మెట అంటున్నారు, నాకు సీతాకోకచిలుక అనిపిస్తున్నది.

కేయూ జంతుశాస్త్రం

మీరు చెప్పిన వేళను బట్టి అది కామన్ ఈవెనింగ్ బ్రౌన్ కావచ్చు. స్పర్శశృంగాల, అంటే తల మీది మీసాల కొసలు చూడండి: కొసన చిన్న గుండు వంటి ఉబ్బు ఉంటే సీతాకోకచిలుక, ఈక లాగో, సన్నని దారంలాగో ఉంటే చిమ్మెట. పగలు ఎగిరే చిమ్మెటలూ, సంజ వేళ తిరిగే సీతాకోకచిలుకలూ ఉన్నాయి కనుక వేళను బట్టి మాత్రమే తీర్పు చెప్పకూడదు.

దీని పురుగు వరి, గడ్డి ఆకులను తింటుంది. ఇంకొక సంగతి: వానాకాలంలో పుట్టినవాటికి రెక్క అడుగున కళ్ళ వంటి గుండ్రని మచ్చలు స్పష్టంగా ఉంటాయి, కార్తీకం దాటి గడ్డి ఎండిన తరువాత పుట్టినవాటికి ఆ మచ్చలు దాదాపు మాయమై, ఎండుటాకు రంగు మాత్రమే మిగులుతుంది. పీకాక్ పాన్సీలో కూడా ఇంతే: ఎండాకాలపు రూపానికి రెక్క కొసలు కోసుగా సాగి, అడుగు భాగం ఆకు ఈనెలా ఉంటుంది. మీరు ఫొటో తీసిన నెల రాయకుండా పెడితే ఇటువంటివాటిని రెండు జాతులుగా పొరబడే వారుంటారు.

హంటర్ రోడ్ పెరడు

కల్యామాకు కొమ్మకు నడుముకు దారం కట్టుకొని తల పైకి పెట్టిన ప్యూపా ఒకటి ఉన్నది. మొన్నటిదాకా పచ్చగా ఉండి, నేడు నల్లబడింది. చనిపోయిందా?

ములుగు సైన్స్ సార్

కంగారు పడకండి. నడుముకు దారం కట్టుకొని తల పైకి ఉన్నది కాబట్టి అది మార్మన్, నిమ్మ జాతుల కుటుంబానిదే. టైగర్, ఎగ్‌ఫ్లైల ప్యూపాలు తలకిందులుగా వేలాడతాయి. బయటికి వచ్చే ముందు రోజు పొర పారదర్శకమై లోపలి రెక్కల రంగు కనిపిస్తుంది, దానినే మీరు నల్లబడడం అనుకుంటున్నారు. పొర కింద లేత పసుపు మచ్చలు చాలా కనిపిస్తే నిమ్మ సీతాకోకచిలుక, నలుపే ఎక్కువగా ఉంటే మార్మన్. ఒకవేళ పొరలో సన్నని గుండ్రని రంధ్రం కనిపిస్తే, దానిలో నుండి ఇప్పటికే పరాన్నజీవి కందిరీగలు బయటికి వెళ్ళిపోయాయని అర్థం. రేపు ఉదయం ఎండ రాకముందే వెళ్ళి చూడండి, కొమ్మను కదపవద్దు.

హంటర్ రోడ్ పెరడు

రంధ్రం లేదు సార్, పసుపు మచ్చలు కూడా కనిపించడం లేదు. రేపు ఫొటో పెడతాను. ఆడదైతే ఏ రూపమో మీరే చెప్పాలి.

గోదావరిఖని కెమెరా

పక్క నుండి కూడా ఒక ఫొటో తీయండి అక్కా.